తలపైన చినుకు లేదని నమ్మొద్దు

ఈ దీపావళి సెలవులకో, కార్తీకమాసంలోనో స్పెయిన్‌లోని వలెన్సియా నగరానికి ప్రయాణం పెట్టుకున్నవాళ్ళు, అక్కడ పిల్లల్ని చదివించుకుంటున్నవాళ్ళు దయచేసి ఇది చదవండి. చదివి ఊరుకోకుండా ఇవాళే ఆ పిల్లలకు ఫోన్ చేయండి. ప్రయాణం మానుకోమని చెప్పడం లేదు. ఆ ఊరు చూడదగ్గదే. కానీ మధ్యధరా సముద్రం ఒడ్డున సెప్టెంబరు నుంచి నవంబరు దాకా కురిసే వాన మనమెరిగిన వాన కాదు. 2024 అక్టోబరు 29న, మన దీపావళి ఇంకా రెండు రోజులుందనగా, ఆ వాన వలెన్సియా చుట్టుపక్కల 220 మందికి పైగా ప్రాణాలు తీసింది. అందులో చాలా చావులు ఒక్క సాయంత్రంలో, కొన్ని గంటల్లో జరిగిపోయాయి. చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది ఉన్నచోట ఆ సాయంత్రం చెప్పుకోదగ్గ వానే లేదు. నీళ్ళు ఎగువ కొండల నుంచి వచ్చాయి.

బళ్ళారి జిల్లాలోని మన హచ్చొళ్ళి హోబళిలో ఈ మాట విడమరిచి చెప్పాల్సిన పని లేదు. శివమొగ్గ, చిక్కమగళూరు కొండల్లో నాలుగు రోజులు కురిస్తే ఇక్కడ ఎండ కాస్తుండగానే తుంగభద్ర ఒడ్డు తడుముతుంది. వేదావతి పైన చిత్రదుర్గం జిల్లాలో వాణీవిలాస సాగరం 1933 తర్వాత మళ్ళీ 2022లో నిండి పొర్లింది. అక్కడ పొర్లిన నీళ్ళకు కింద ఎవరి మడి ఉందో, ఎవరి మోటరు ఉందో తెలియదు. నది పక్క పుట్టినవాడు ఆకాశాన్ని చూసి కాదు, పైనుంచి వచ్చే కబురు విని నిర్ణయం తీసుకుంటాడు. ఈ తెలివి మన పెద్దలకు పుట్టుకతో వచ్చింది.

విమానం ఎక్కగానే ఆ తెలివి ఊళ్ళోనే ఉండిపోతుంది. అదే నా భయం. నున్నటి రోడ్లు, సిగ్నళ్ళు, మెట్రో రైళ్ళు చూసేసరికి ఇంత చేసిన ప్రభుత్వం నీళ్ళ సంగతి చూసుకోదా అన్న ధీమా వచ్చేస్తుంది. వలెన్సియాలో పుట్టి పెరిగినవాళ్ళే ఆ ధీమాతో పోయారు. కొత్తగా వెళ్ళినవాళ్ళకైతే తమ వీధి పక్కనున్న ఎండిపోయిన కాలువ ఒకప్పుడు ఏం చేసిందో కూడా తెలియదు.

ఆ రోజు జరిగింది గంటల వారీగా చెప్పుకోవాలి, ఎందుకంటే ప్రాణాలు పోయింది ఆ గంటల మధ్యనే. మంగళవారం ఉదయం 7 గంటల 36 నిమిషాలకు స్పెయిన్ వాతావరణ సంస్థ ఏమెట్ వలెన్సియా ప్రాంతానికి ఎర్ర హెచ్చరిక ఇచ్చింది. అంతకు మించిన హెచ్చరిక వాళ్ళ దగ్గర లేదు. మధ్యాహ్నం వేళ వలెన్సియా ప్రాంతీయ ప్రభుత్వాధినేత కార్లోస్ మసోన్ సాయంత్రం ఆరింటికల్లా తుపాను తగ్గుముఖం పడుతుందని చెప్పారు. ఆ మాట తర్వాత ఇంటర్నెట్‌లోంచి తీసేశారు. జనం పనులకు వెళ్ళారు, బడులకు వెళ్ళారు, షాపింగులకు వెళ్ళారు. సాయంత్రం ఐదింటికి అధికారుల అత్యవసర సమావేశం మొదలైంది. ఈలోగా నగరానికి పడమటి వైపు కొండల్లో వాన ఆగకుండా కురుస్తోంది. తురీస్ అనే ఊళ్ళో ఒక్క గంటలో 184 మిల్లీమీటర్లు పడింది. ఒక్క గంటలో అంత వాన స్పెయిన్ దేశంలో అంతకుముందు ఎన్నడూ నమోదు కాలేదు. ఆ ఊళ్ళో ఆ 24 గంటల్లో పడింది 771 మిల్లీమీటర్లు. మన బళ్ళారి జిల్లాలో ఏడాది పొడుగునా కురిసేది 600 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. మనకు ఉగాది నుంచి ఉగాది దాకా పడే వానకన్నా ఎక్కువ అక్కడ ఒక్క రోజులో పడిందన్నమాట.

ఆ నీళ్ళన్నీ పోయో అనే వంకలోకి దిగాయి. ఏడాదిలో ఎక్కువ రోజులు అందులో పారే నీళ్ళుండవు. మన రాయలసీమ వంకలాగే ఎండిపోయి, రాళ్ళు తేలి ఉంటుంది. సాయంత్రం 6 గంటల 55 నిమిషాలకు ఆ వంకలో సెకనుకు 2,282 ఘనపు మీటర్ల నీళ్ళు పారుతున్నట్టు కొలిచే యంత్రం చివరిసారిగా చెప్పింది. ఆ తర్వాత ఆ యంత్రమే కొట్టుకుపోయింది. మన లెక్కలో చెప్పాలంటే అది సుమారు 80 వేల క్యూసెక్కులు. 2024 ఆగస్టు 10 రాత్రి హోసపేట దగ్గర తుంగభద్ర డ్యామ్ 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు ఆ ఒక్క గేటులోంచి దూకిన నీళ్ళు 35 వేల క్యూసెక్కుల దాకా ఉన్నాయి. ఆ రాత్రి మన నది ఒడ్డు ఊళ్ళు ఎంత హడలిపోయాయో గుర్తుంది కదా. దానికి రెండింతలకు పైగా నీళ్ళు, పెద్ద నదిలో కాదు, ఇళ్ళ మధ్య సాగే ఒక వంకలో వచ్చాయి.

వంక ఒడ్డున, దాని చుట్టుపక్కల పైపోర్త, కతరోజ, మస్సనస్సా, అల్ఫఫార్, సెదవీ అనే ఊళ్ళున్నాయి. నగరాన్ని ఆనుకుని ఉన్న శివార్లవి. అక్టోబరు ఆఖరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు కాబట్టి అక్కడ ఆరు దాటేసరికి పొద్దుగూకుతుంది. నీళ్ళు చీకట్లో వచ్చాయి. కార్లు నేలకింద పార్కింగులో ఉన్నాయి. నీళ్ళు వీధిలో మడమల దాకా ఉన్నప్పుడు, కారు పాడవుతుందని దాన్ని బయటికి తెద్దామని చాలామంది కిందికి దిగారు. దిగినవాళ్ళు మళ్ళీ పైకి రాలేదు. నేలకింద గది నిండడానికి నిమిషాలు చాలు, నిండేటప్పుడు తలుపు లోపలినుంచి తెరుచుకోదు. మరికొందరు ఉద్యోగం ముగించుకుని ఇంటికి వస్తూ రోడ్డు మీద, కార్లలోనే చిక్కుకున్నారు. కింది అంతస్తుల్లో ఒంటరిగా ఉన్న ముసలివాళ్ళు మెట్లెక్కలేక పోయారు. చనిపోయినవాళ్ళలో దాదాపు సగం మంది డెబ్బై దాటినవాళ్ళు.

రాత్రి 8 గంటల 11 నిమిషాలకు ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. ఎక్కడికీ కదలొద్దని ప్రభుత్వం పంపిన హెచ్చరిక అది. అప్పటికే నీళ్ళు మెడల దాకా వచ్చాయి. చాలామంది అప్పటికే చనిపోయి ఉన్నారు. ఎర్ర హెచ్చరికకు, ఫోన్ మోతకు మధ్య పన్నెండున్నర గంటలు గడిచిపోయాయి. ఆ సాయంత్రం మసోన్ అత్యవసర కేంద్రానికి చేరింది కూడా ఎనిమిది దాటాకే. ఏడాదికి పైగా వీధుల్లో జనం నిరసనలు చేశాక, 2025 నవంబరు 3న ఆయన రాజీనామా ప్రకటించారు. దానివల్ల పోయినవాళ్ళు ఎవరూ తిరిగి రారు.

అదే హెచ్చరికను అదే రోజు గౌరవించినవాళ్ళూ ఉన్నారు. వలెన్సియా విశ్వవిద్యాలయం ముందురోజు సాయంత్రమే, వాన మొదలు కాకముందే, మంగళవారం తరగతులు లేవని చెప్పేసింది. వేలమంది పిల్లలు ఆ రోజు శివార్ల నుంచి బస్సెక్కలేదు, రైలెక్కలేదు. ఎండ కాస్తుంటే సెలవేమిటని ఆ సాయంత్రం ఎవరైనా విసుక్కుని ఉండొచ్చు. అలాంటి విసుగు భరించగలిగిన అధికారి కావాలి మనకు.

ఇంత వాన ఎలా కురుస్తుందో తెలుసుకుంటే జాగ్రత్త దానంతటదే వస్తుంది. వేసవంతా కాగిన మధ్యధరా సముద్రం అక్టోబరులో కూడా వెచ్చగానే ఉంటుంది. ఉత్తరం నుంచి ఆకాశం పైపొరల్లోకి చల్లటి గాలి ముద్ద ఒకటి విడిపోయి వచ్చి, కదలకుండా ఒకేచోట నిలుస్తుంది. స్పెయిన్‌లో దాన్ని డానా అంటారు. కింద వెచ్చటి సముద్రపు తేమ, పైన చల్లటి గాలి, పక్కనే తీరానికి దగ్గరగా కొండలు. సముద్రం మీదనుంచి వచ్చిన తేమంతా ఆ కొండల మీద తడిగుడ్డ పిండినట్టు కారిపోతుంది. కొండకూ సముద్రానికీ మధ్య దూరం తక్కువ కాబట్టి వంకలు పొట్టివి, వాలు ఎక్కువ. ఇక్కడే మనకూ వాళ్ళకూ తేడా. డ్యామ్ దగ్గర గేట్లెత్తితే ఆ నీళ్ళు సిరుగుప్ప చేరేలోగా పశువుల్ని తోలుకుపోవడానికి, మోటర్లు ఎత్తుకోవడానికి మనకు కొన్ని గంటలు దొరుకుతాయి. అక్కడ కొండ మీద కురిసిన నీళ్ళు ఊళ్ళోకి రావడానికి గంటో రెండు గంటలో చాలు. ఆ గంట మీరు ఎక్కడ ఉన్నారన్నదే మీ ప్రాణం.

ఇది ఒక్కసారి జరిగి వదిలేసిన సంగతి కాదు. 1957 అక్టోబరు 14న తూరియా నది వలెన్సియా నగరం నడిబొడ్డునే ముంచింది. 80 మందికి పైగా పోయారు. ఆ తర్వాత నదినే ఊరికి దక్షిణం వైపు కొత్త కాలువలోకి మళ్ళించారు. పాత నదిపాయలో ఇప్పుడు తోటలున్నాయి, పర్యాటకులు సైకిళ్ళు తొక్కుతుంటారు. మీ ప్రయాణ ఫోటోల్లో కనబడేది ఆ తోటే. 2024లో నగరం నడుమ భాగం తప్పించుకున్నది ఆ కాలువ వల్ల. మునిగింది కాలువకు అవతల, దక్షిణాన ఉన్న శివార్లు. 1962 సెప్టెంబరు 25న బార్సిలోనా పక్కనున్న వాయెస్ ప్రాంతంలో ఇలాంటి రాత్రి వరదకే 600 మందికి పైగా చనిపోయారు. అందులో ఎక్కువమంది పని వెతుక్కుంటూ దక్షిణాది నుంచి వచ్చి, అద్దెలు గిట్టక వంకల్లో గుడిసెలు వేసుకున్నవాళ్ళు. ఊరికి కొత్తవాడికే పల్లపు చోటు మిగులుతుంది. ఇప్పుడు మన పిల్లల సంగతీ అదే. నగరంలో అద్దె భరించలేక శివార్లలో, కింది అంతస్తులో, చవగ్గా దొరికిన గది తీసుకుంటారు. గది ఎంతకు దొరికిందని అడుగుతున్నాం. ఏ అంతస్తులో అని అడగడం లేదు.

అందుకే మొదట చేయాల్సిన పని ఆ ప్రశ్న అడగడం. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా వెళ్ళేవాళ్ళు నేల అంతస్తు గది, నేలకింద గది తీసుకోవద్దు. తప్పనిసరి అయితే అదే కట్టడంలో పైకి వెళ్ళే మెట్లు ఎక్కడున్నాయో, రాత్రిపూట ఆ తలుపు తెరిచి ఉంటుందో లేదో వెళ్ళిన రోజే చూసుకోండి. ఊరి పటం తీసి దగ్గరలో వంక ఏదో, అది ఎండిపోయి ఉన్నా సరే, ఎటు పారుతుందో చూడండి. బళ్ళారి జిల్లావాడికి ఎండిన వంకను గుర్తుపట్టడం ఎవరూ నేర్పక్కర్లేదు.

రెండోది రంగులు. ఏమెట్ హెచ్చరికలకు పసుపు, నారింజ, ఎరుపు అని మూడు రంగులున్నాయి. మన వాతావరణ శాఖ వాడే రంగులే. స్పానిష్ రాకపోయినా రంగు అర్థమవుతుంది. అవీసో రోహో అనే మాట చెవిన పడితే, టీవీలో కనబడితే, ఆ రోజు మీ కార్యక్రమం అయిపోయినట్టే. ముందుగా డబ్బు కట్టిన ప్రదర్శన ఉన్నా, మాడ్రిడ్ వెళ్ళే రైలు టికెట్ ఉన్నా, ఇంటిదగ్గరే ఉండండి. 2024లో వరద తర్వాత మాడ్రిడ్, వలెన్సియాల మధ్య వేగపు రైళ్ళు రెండు వారాల దాకా నడవలేదు. రోజు పోయినా పరవాలేదు అనుకున్నవాడు బతికి ఇంటికొస్తాడు. ప్రయాణంలో ఇదే అన్నిటికన్నా కష్టమని నాకు తెలుసు. అప్పు చేసి, ఏడాది పొడుగునా కూడబెట్టి, వారం రోజులకని వెళ్ళినవాడికి ఒక రోజు గదిలో కూర్చోవడం నేరంలా అనిపిస్తుంది. ఎండ కాస్తుంటే మరీను. కాస్తున్న ఆ ఎండనే నమ్మొద్దంటున్నాను.

ఫోన్‌లో అత్యవసర హెచ్చరికల సెట్టింగ్ ఆపి ఉంటే ఇప్పుడే తెరిచి పెట్టండి. అర్ధరాత్రి పెద్ద మోత వస్తుందని చాలామంది దాన్ని ఆపేస్తారు. ఆ హెచ్చరికను ప్రభుత్వం నంబర్లకు కాదు, ఆ ప్రాంతంలో టవర్ పరిధిలో ఉన్న ఫోన్లకు పంపుతుంది. అయితే అది మోగేదాకా ఆగొద్దు. ఆ రోజు అది మోగేసరికి ఆలస్యమైపోయింది. వీధిలో నీళ్ళు కనబడిన క్షణం పైఅంతస్తుకు ఎక్కండి. కారు పోనివ్వండి. సామాను పోనివ్వండి. పాస్‌పోర్ట్ మాత్రం ఎప్పుడూ మెడలోనో నడుముకో ఉండాలి, అది దిగువ గదిలో ఉండిపోయిందని మెట్లు దిగొద్దు. కారులో ఉంటే వంతెన కింద దారుల్లోకి దూరొద్దు. కారు నిలిచిపోయి నీళ్ళు పెరుగుతుంటే అందులో కూర్చోవద్దు, ఎత్తైన చోటికి చేరండి. సాయానికి నంబరు 112, అక్కడా ఇక్కడా అదే.

మూడోది ఇంటి దగ్గరున్నవాళ్ళకు. ఇది మీరే చేయగలిగిన పని, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది. గడియారాలు వెనక్కి తిప్పాక మనకూ స్పెయిన్‌కూ నాలుగున్నర గంటలు తేడా. అక్కడ ఉదయం 7 గంటల 36 నిమిషాలకు ఎర్ర హెచ్చరిక వచ్చినప్పుడు ఇక్కడ మధ్యాహ్నం 12 గంటల 6 నిమిషాలు. మీరు మేలుకునే ఉన్నారు, చేతిలో ఫోన్ ఉంది. అక్కడ ఫోన్లు మోగినప్పుడు ఇక్కడ అర్ధరాత్రి దాటి 41 నిమిషాలు. మీరు నిద్రలో ఉన్నారు. అక్కడి పిల్లవాడు ఉదయం హడావుడిలో వార్తలు చూడడు, తరగతికి పరిగెత్తుతాడు. ఇక్కడ అమ్మో, నాన్నో, అన్నో మధ్యాహ్నం భోజనం దగ్గర ఒక్కసారి ఆ ఊరి వాతావరణం చూస్తే చాలు. ఏమెట్ పేజీలో పటం ఉంటుంది. ఆ ఊరి మీద కాకుండా ఆ ఊరికి పైనున్న కొండల మీద ఎరుపు ఉంటే, వెంటనే ఫోన్ చేయండి. ఇవాళ బయటికి వెళ్ళకు నాయనా, అనండి. ఇక్కడంతా బాగానే ఉంది, ఎండ కాస్తోంది అంటాడు. అప్పుడు ఊరుకోవద్దు. మన నది సంగతి గుర్తు చేయండి.

ట్రావెల్ ఏజెంట్లను, విదేశీ చదువుల కన్సల్టెన్సీలను ఒకటి అడుగుతున్నాను. బార్సిలోనాలో జేబుదొంగలున్నారని, వీసాకు 30 వేల యూరోల వైద్య బీమా ఉండాలని, జత ఉన్ని బట్టలు పెట్టుకోవాలని మీరు చెప్పి పంపుతున్నారు. మంచిదే. ఆ కాగితంలో శరదృతువు వాన గురించి నాలుగు వాక్యాలు తెలుగులో, కన్నడంలో చేర్చండి. పల్లపు గది తీసుకోవద్దనే వాక్యం తప్పకుండా ఉండాలి.

హెచ్చరిక పనిచేస్తుందా అని అనుమానపడేవాళ్ళకు ఒక సమాధానం ఉంది. వలెన్సియా మునిగిన రెండు వారాలకు, 2024 నవంబరు 13న, దక్షిణాన మాలగ నగరానికి ఎర్ర హెచ్చరిక వచ్చింది. ఈసారి ఎవరూ ఆలోచిస్తూ కూర్చోలేదు. గ్వాదలోర్సే నది పక్కనున్న సుమారు 3 వేల మందిని ముందే ఇళ్ళు ఖాళీ చేయించారు, బడులు మూసేశారు, టెన్నిస్ పోటీ కూడా వాయిదా వేశారు. వీధులు మునిగాయి, జనం మునగలేదు. అంతకు రెండు వారాల ముందు కూడా అదే దేశంలో అదే చట్టాలు, అవే ఫోన్లు ఉన్నాయి. మారింది అధికారులు పట్టించుకున్న తీరు ఒక్కటే.

ఇదంతా స్పెయిన్ గురించి అనుకుని పేపరు మడిచేయొద్దు. మన దగ్గరికి వచ్చే కొత్తవాళ్ళకు మనం ఏం చెబుతున్నాం? 2019 ఆగస్టులో డ్యామ్ నుంచి నీళ్ళు వదిలినప్పుడు హంపి ఎదుట విరుపాపుర గడ్డె మీద వందల మంది పర్యాటకులు చిక్కుకుపోయారు. విదేశీయులూ ఉన్నారు. హెలికాప్టర్లు వచ్చి తీసుకుపోవాల్సి వచ్చింది. వాళ్ళకు నది చుట్టూ ఉన్న రాళ్ళు, అరటితోటలు కనబడ్డాయి. మలెనాడులో ఏం కురుస్తోందో కనబడలేదు. వలెన్సియాలో మన పిల్లవాడి పరిస్థితి ఎలాంటిదో, హంపిలో ఆ పర్యాటకుల పరిస్థితీ అలాంటిదే. కంప్లి దగ్గర గంగావతి వెళ్ళే వంతెన నీళ్ళు ఎక్కువైనప్పుడల్లా మునుగుతుంది. కార్తీక స్నానానికని బెంగళూరు నుంచి వచ్చిన చుట్టానికి ఏ ఘాట్‌లో దిగొచ్చో, ఏ రోజు దిగకూడదో ఎవరు చెబుతారు?

2009 అక్టోబరు 2ను ఈ ప్రాంతం మరిచిపోలేదు. ఆ ఏడు వానల్లేక పైరు ఎండిపోతోందని ఏడ్చాం. దసరా అయిన నాలుగు రోజులకు మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి మఠం నీళ్ళలో ఉంది, కర్నూలు నగరం నీళ్ళలో ఉంది, సిరుగుప్ప తాలూకాలో నది పక్క ఊళ్ళు నీళ్ళలో ఉన్నాయి. శ్రీశైలం డ్యామ్‌కు 25 లక్షల క్యూసెక్కులకు పైగా వచ్చాయి, అది కట్టినప్పుడు ఊహించని ప్రవాహం. ఆ వరదకు ముందు పైనుంచి కిందికి కబురు ఎలా వచ్చిందో, ఎంత ఆలస్యంగా వచ్చిందో అనుభవించినవాళ్ళు ఇంకా ఊళ్ళల్లో ఉన్నారు.

వలెన్సియా ప్రాణాలు తీసిన జాడ్యం మన దగ్గరా ఉంది. అక్కడ వాన లెక్క ఒక సంస్థ చేతిలో, వంకల్లో నీటి లెక్క మరో సంస్థ చేతిలో, ఫోన్లు మోగించే అధికారం ఇంకొకరి చేతిలో ఉన్నాయి. తర్వాత ఒకరి మీద ఒకరు చెప్పుకున్నారు. ఇక్కడ 1953లో రాష్ట్రాల మధ్య గీత గీసినప్పుడు సిరుగుప్ప మైసూరు వైపు, ఆదోని ఆంధ్ర వైపు పడ్డాయి. డ్యామ్ తుంగభద్ర బోర్డు చేతిలో, జిల్లాలు రెండు రాష్ట్రాల చేతిలో, కబురు రెండు భాషల్లో. కన్నడంలో దండోరా వేస్తే అవతలి ఒడ్డు తెలుగు ఊరికి చేరదు, తెలుగు వాట్సాప్ సందేశం ఇవతలి తెలుగువాళ్ళ క్యాంపుకు చేరినా తాలూకా ఆఫీసుకు చేరదు. నదికి ఆ గీత లేదు.

డ్యామ్‌ల విషయంలోనూ స్పెయిన్ మనకు ఒక పాఠం ముందే రాసి పెట్టింది. 1982 అక్టోబరు 20న, వలెన్సియా ప్రాంతంలోనే, హూకార్ నది మీది తౌస్ డ్యామ్ తెగిపోయింది. వాన దంచుతుంటే కరెంటు పోయి గేట్లు ఎత్తలేకపోయారు. నీళ్ళు కట్ట మీదుగా పొర్లి కట్టనే కోసేశాయి. మన 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు కన్నయ్య నాయుడు లాంటి అనుభవజ్ఞుడి మార్గదర్శకత్వంలో, పారుతున్న నీళ్ళలోనే స్టాప్‌లాగ్ అనే తాత్కాలిక అడ్డు దించి ఆపగలిగారు. ఆ పనివాళ్ళకు ఈ తుంగభద్ర ఆయకట్టంతా రుణపడి ఉంది. కానీ గేటు పాతబడిందన్నది ఎవరికీ తెలియని రహస్యమా? ఏ గేటు ఎప్పుడు పరీక్షించారో, కరెంటు పోతే దేంతో ఎత్తుతారో ప్రతి ఏడూ వానలకు ముందు బోర్డు జనానికి చెప్పాలి. అడగడం మన హక్కు.

సిరుగుప్ప తహసీల్దారును, ఆదోని, మంత్రాలయం వైపు అధికారులను అడిగేది ఇదీ. డ్యామ్ నుంచి లక్ష క్యూసెక్కులు వదిలారని చెబితే రైతుకు ఏం అర్థమవుతుంది? లక్ష వదిలితే మా ఊళ్ళో నీళ్ళు ఏ గుడి మెట్టు దాకా వస్తాయి, ఏ మడి దాకా, ఏ వంతెన మీదికి వస్తాయి, ఎన్ని గంటలకు వస్తాయి అని చెప్పండి. 2009 నీటి గుర్తులు గోడల మీద ఉన్నచోట రంగు వేసి నిలబెట్టండి. సిరుగుప్ప నుంచి ఆదోని దారిలో రారావి దగ్గర వేదావతిని దాటేచోట, వంతెన మీదికి నీళ్ళు రాకముందే దారి మూసే మనిషి ఉండాలి, నీళ్ళు వచ్చాక కాదు. బైకు మీద వెళ్ళే కుర్రవాడికి ఆ మనిషి మీద కోపం వస్తుంది. రానివ్వండి. 2023లో మన ఫోన్లకు కూడా ప్రభుత్వం పెద్ద మోతతో పరీక్ష సందేశాలు పంపింది. ఆ ఏర్పాటును నది పక్క ఊళ్ళకు తెలుగులోనూ కన్నడంలోనూ, నీళ్ళు రాకముందే వాడండి. మోగించాలా వద్దా అని సమావేశంలో వాదించుకోవద్దు. అనవసరంగా మోగిందని తిట్టినవాడు బతికే ఉంటాడు.

ఇప్పుడు స్వాతి కార్తె. వరి కోతకు వస్తోంది. వలెన్సియాకు దక్షిణాన అల్బుఫేరా సరస్సు చుట్టూ ఉన్నవి కూడా వరిమళ్ళే. 2024 వరద చివరికి ఆ మళ్ళలోకే చేరింది. నీళ్ళు లాగాక ఆ బురదలో మనుషుల కోసం వారాల తరబడి వెతికారు. అక్కడికి వెళ్ళినవాళ్ళు మధ్యాహ్నం పన్నెండింటికి ఇంటినుంచి ఫోన్ వస్తే ఎత్తండి. ఇంటిదగ్గరున్నవాళ్ళు, వాళ్ళు ఎత్తేదాకా చేస్తూనే ఉండండి.